సీషెల్స్ మీదుగా వచ్చిన కీర్తన: తెలుగు క్రైస్తవ పాటల రేడియో నడిచిన దారి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో క్రైస్తవ పాటల కోసమే ఒక ఎఫ్‌ఎం స్టేషన్ ఎందుకు లేదని చాలామంది అడుగుతుంటారు. మనకు అలాంటి రేడియో లేకపోలేదు. కొన్ని దశాబ్దాల పాటు ఉంది. పాడినవాళ్లు ఇక్కడివాళ్లే, విన్నవాళ్లూ ఇక్కడివాళ్లే. ట్రాన్స్‌మిటర్ మాత్రం సముద్రం అవతల ఉండేది. మన పాట టేపు మీద దేశం దాటి వెళ్లి, అక్కడి నుంచి ఆకాశం మీదుగా మళ్లీ మన ఊరికి వచ్చేది. ఆ ప్రయాణం పాటను ఎలా మార్చింది, ఇప్పుడు అదే పని ఇంటర్నెట్‌లో చేయాలంటే ఏమేం కావాలి, చర్చి బీరువాల్లో మిగిలిన పాత టేపుల్ని ఎలా కాపాడుకోవాలి అనేవి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. మన దేశంలో మీడియం వేవ్, షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆకాశవాణి చేతిలోనే ఉన్నాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2001లో బెంగళూరుతో మొదలై ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు వచ్చాయి. అయితే మత సంస్థలకు, వాటి ఆధీనంలో ఉన్న కంపెనీలకు ఆ లైసెన్సు ఇవ్వకూడదని నిబంధన పెట్టారు. ఇది ఒక్క క్రైస్తవులకే కాదు, అన్ని మతాలకూ వర్తిస్తుంది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతులు మొదలయ్యాయి. 2008లో జహీరాబాద్ దగ్గరి మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో ప్రసారాలు ఆరంభించింది. కమ్యూనిటీ రేడియోకి మామూలుగా ఇచ్చేది 100 వాట్ల శక్తి, 30 మీటర్లు దాటని యాంటెన్నా. అంటే చుట్టూ ఐదు నుంచి పది కిలోమీటర్ల మేర వినిపిస్తుంది. సగం కార్యక్రమాలు అక్కడి జనమే చేయాలి, అవి ఆ ప్రాంత అవసరాల గురించి ఉండాలి. మతపరమైన కార్యక్రమాల విషయంలో ఎవరి విశ్వాసమూ నొచ్చుకోకుండా జాగ్రత్త పడాలన్న షరతు కూడా ఉంది. రోజంతా కీర్తనలే వేసే స్టేషన్ ఈ చట్రంలో ఇమడదు.

ఇక ఆన్‌లైన్‌లో దొరికే చిన్న ఎఫ్‌ఎం కిట్ కొని చర్చి మేడ మీద పెట్టేద్దామనే ఆలోచన. దయచేసి వద్దు. ఊరికి వినిపించేంత ట్రాన్స్‌మిటర్ ఏదైనా లైసెన్సు లేకుండా నడపడం నేరం. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఎఫ్‌ఎం బ్యాండు 108 మెగాహెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది, విమానాల నావిగేషన్ బ్యాండు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. చవక కిట్లలో ఫిల్టరు సరిగా ఉండదు. అసలు సిగ్నల్‌తో పాటు పక్క ఫ్రీక్వెన్సీల మీద కూడా చెత్త వెదజల్లుతాయి.

ఆకాశవాణి క్రైస్తవ గీతాలు వేయలేదని కాదు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. క్రిస్మస్, ఈస్టర్ పండగలకీ, భక్తి కార్యక్రమాల్లోనూ ఇవి వినిపించాయి. కానీ ఇక్కడ ఎక్కువమంది పట్టించుకోని ఒక చిక్కు ఉండేది: హార్మోనియం. శ్రుతుల్ని, గమకాల్ని పలికించలేని వాద్యమని 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. 1971లో గానీ కొంత సడలించలేదు. తెలుగు క్రైస్తవ సంఘంలో కీర్తనకు ఆధారం హార్మోనియమే. దాంతోపాటు తబలానో డోలకో, తాళాలు. ఆదివారం ఆరాధనలో జనం పాడే పద్ధతి ఉన్నదున్నట్టు మన సొంత రేడియో కేంద్రంలోకి వెళ్లడానికి ముప్పై ఏళ్ల పాటు దారి లేదు. విదేశీ ప్రసారాలకు ఈ నియమం లేదు. ఆ ప్రసారాలు మొదలుపెట్టగానే మన ఇంటి పాటలా అనిపించడానికి ఇదొక ముఖ్య కారణమని నా నమ్మకం.

ఆ విదేశీ కేంద్రాలు ఏవి? మొదట అందరికీ తెలిసింది సిలోన్. 1950లలో సినిమా పాటల కోసం భారతీయులు సిలోన్ రేడియోకు అలవాటు పడ్డారు. డబ్బు కట్టి పావుగంట సమయం కొనుక్కునే వీలు అక్కడ ఉండేది కాబట్టి క్రైస్తవ కార్యక్రమాలూ చోటు సంపాదించుకున్నాయి. 1969లో ఫిలిప్పీన్స్‌లో కతోలిక సంఘం రేడియో వెరితాస్ ఆసియా ప్రారంభించింది. దాని భాషల్లో తర్వాత తెలుగు కూడా చేరింది. 1970లో ఫీబా రేడియో అనే క్రైస్తవ ప్రసార సంస్థ హిందూ మహాసముద్రంలోని సీషెల్స్‌లో మాహే దీవి నుంచి ప్రసారాలు మొదలుపెట్టింది. 1970ల చివరి నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో శ్రీలంకలోని పుత్తళం నుంచి 882 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద వినిపించింది. 1987లో గ్వామ్ దీవి నుంచి అడ్వెంటిస్ట్ వరల్డ్ రేడియో వచ్చింది. వీటన్నిటిలోనూ సీషెల్స్ కేంద్రం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అది కట్టిన తీరే వేరు.

మాహే తీరంలో ఫీబా యాంటెన్నాల్ని నేల మీద కాకుండా పగడపు దిబ్బ మీద, సముద్రపు నీళ్లలో నిలబెట్టారు. షార్ట్‌వేవ్ దూరం వెళ్లాలంటే సిగ్నల్ దిగంతానికి దగ్గరగా, చాలా తక్కువ కోణంలో బయల్దేరాలి. మామూలు నేల ఆ తక్కువ కోణపు శక్తిని మింగేస్తుంది. ఉప్పునీరు విద్యుత్తును నేలకంటే కొన్ని వందల రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి సిగ్నల్ దాదాపు నష్టం లేకుండా జారిపోతుంది. మాహే నుంచి విజయవాడకు సుమారు 3,600 కిలోమీటర్లు. ఆకాశంలో చాలా ఎత్తున ఉండి షార్ట్‌వేవ్‌ను తిరిగి కిందికి పంపే అయనావరణంలోని ఎఫ్2 పొర మీద ఒక్కసారి తగిలి దిగే సిగ్నల్ దాటగల గరిష్ఠ దూరం 4,000 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే కోణం సరిగా కుదిరితే ఒక్క గెంతులో కృష్ణా తీరానికి చేరవచ్చు. గెంతు పెరిగిన కొద్దీ బలం తగ్గుతుంది, గరగర పెరుగుతుంది. ఆ ఉప్పునీళ్లలో ఇనుము నిలబెట్టి దశాబ్దాలు తుప్పుతో పోరాడిన ఇంజనీర్లకు తెలుగు శ్రోతలు నిజంగా రుణపడి ఉన్నారు.

టేపు ప్రయాణం

కార్యక్రమాలు ఇక్కడి స్టూడియోల్లోనే తయారయ్యేవి. స్పూల్ టేపు మీద, సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో రికార్డు చేసేవారు. 1,200 అడుగుల మామూలు టేపు పట్టే 7 అంగుళాల స్పూల్ ఆ వేగంలో 32 నిమిషాలు నడుస్తుంది. 600 అడుగులు పట్టే 5 అంగుళాల స్పూల్ 16 నిమిషాలు. పావుగంట కార్యక్రమం చిన్న స్పూల్‌లో చక్కగా పడుతుంది, పార్శిల్ బరువూ తగ్గుతుంది. పావుగంట అన్నా లోపల వాడుకోగలిగేది పద్నాలుగున్నర నిమిషాలే. మిగతా అరనిమిషం స్టేషన్ పేరు చెప్పడానికి, తర్వాతి టేపుకు మారడానికి కావాలి. ఆ పద్నాలుగున్నర నిమిషాలకు పట్టేది దాదాపు 544 అడుగుల టేపు.

పాటకు చరణాలు తగ్గింది ఈ లెక్క వల్లే. ఆరు చరణాల కీర్తనను, ప్రతి చరణం తర్వాత పల్లవి రెండుసార్లు ఎత్తుకుంటూ సంఘం పాడే పద్ధతిలో పాడితే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పడుతుంది. సిగ్నేచర్ ట్యూన్, పలకరింపు, బైబిల్ వాక్యం, ఉత్తరాల చిరునామా అన్నీ పోగా పాటకు మిగిలేది నాలుగైదు నిమిషాలు. అందుకే పల్లవి, మూడు చరణాలు, అదీ పల్లవి చివర్లో మాత్రమే రెండోసారి. రేడియోకు పాడించిన కీర్తనల్లో నడిమి చరణాలే ఎక్కువగా ఎగిరిపోయాయి. మొదటిది ఎత్తుగడ, చివరిది ప్రార్థన కాబట్టి వాటిని తీసేయలేరు.

టేపును కోసి అతికేటప్పుడు బ్లేడును నిలువుగా కాకుండా 45 డిగ్రీల వాలుగా పెడతారు. నిలువు కోత టేపును చదివే హెడ్డును ఒక్కసారిగా దాటుతుంది కాబట్టి టక్కుమని చప్పుడొస్తుంది. వాలు కోత మీద ఒక శబ్దం తగ్గుతుండగా మరొకటి మెల్లగా పెరుగుతుంది. అతికే టేపు ప్రత్యేకంగా స్ప్లైసింగ్‌కు చేసిందే అయ్యుండాలి. మామూలు సెల్లోటేపు వాడితే వేడికి జిగురు పక్కలకు కారి పక్క చుట్లను అంటించేస్తుంది. పాత టేపులు విప్పేటప్పుడు చిరిగిపోయేది ఎక్కువగా అక్కడే.

ఊళ్లలో పాటలు రికార్డు చేసుకొచ్చినప్పుడు ఇంకో ఇబ్బంది. బ్యాటరీలు నీరసపడితే మోటారు నెమ్మదిస్తుంది. ఆ టేపును స్టూడియోలో సరైన వేగంతో వేస్తే పాట పైశ్రుతిలో, గొంతు పీలగా వస్తుంది. వేగంలో ఆరు శాతం తేడా వస్తే శ్రుతి ఒక అరస్వరం మారిపోతుంది. పాట మొదట్లో శ్రుతి సరిగా ఉండి, పోను పోను పైకి పాకుతుంటే, రికార్డు చేసే సమయంలోనే బ్యాటరీ అయిపోతూ వచ్చిందని అర్థం.

టేపులు విమానంలో, ఓడలో, కస్టమ్స్ దాటి వెళ్లాలి. కాబట్టి అన్నీ వారాల ముందే సిద్ధం కావాలి. క్రిస్మస్ పాటల్ని ఎండ తగ్గకముందే పాడించాల్సి వచ్చేది. తుపాను వచ్చిందనో, ఒక పెద్దాయన పోయారనో అప్పటికప్పుడు చెప్పే అవకాశం లేదు. అందుకే ఆ పాత కార్యక్రమాల్లో తేదీ గానీ వాతావరణం గానీ ఎక్కడా వినిపించదు. ఇప్పుడు ఆ టేపుల కాలం కట్టాలనుకునేవారికి ఇదే పెద్ద ఇబ్బంది.

షార్ట్‌వేవ్ పాటను ఏం చేస్తుంది

షార్ట్‌వేవ్ స్టేషన్లు ఐదేసి కిలోహెర్ట్జ్ ఎడంతో కూర్చుంటాయి కాబట్టి శబ్దాన్ని నాలుగున్నర, ఐదు కిలోహెర్ట్జ్ దగ్గర కోసేస్తారు. కింది వైపు వినేవాళ్ల ట్రాన్సిస్టర్‌లోని మూడంగుళాల స్పీకరు 200 హెర్ట్జ్ కంటే దిగువన ఏమంత పలికించలేదు. ఈ రెండు గోడల మధ్య మిగిలేది మనిషి గొంతు, హార్మోనియం, వయొలిన్, వేణువు. తాళాలు, చిడతల మెరుపు పైగోడ దగ్గర ఆగిపోతుంది. తబలాలో డగ్గా గుమకం కిందిగోడ దగ్గర పోతుంది, కుడి చేతి దాయాం మోత మాత్రం మిగులుతుంది. అనుభవం ఉన్న స్టూడియోలో డోలకు మైకును ఎడమ మూతికి కాకుండా కుడి మూతికి దగ్గరగా పెట్టేది ఇందుకే.

మాటలకు కూడా దెబ్బే. స, ఫ లాంటి హల్లుల్లో ప్రాణం చాలావరకు నాలుగు కిలోహెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. అందుకే పోస్టుబాక్సు నెంబరును “నూట యాభై ఆరు” అని ఊరుకోకుండా “ఒకటి, ఐదు, ఆరు” అని విడివిడిగా, రెండుసార్లు చదివేవారు. ఆ నెమ్మది వెనక ఉన్నది ఇంజనీరింగ్.

ఇక అసలు శత్రువు ఫేడింగ్, అంటే సిగ్నల్ బలం తగ్గుతూ పెరుగుతూ ఉండటం. ఒకే సిగ్నల్ ఒక గెంతులో ఒకసారి, రెండు గెంతుల్లో కాస్త ఆలస్యంగా ఇంకోసారి చేరుతుంది. అవి రెండూ కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు బలపడతాయి, కొన్ని పరస్పరం కొట్టుకుపోతాయి. కొట్టుకుపోయింది శబ్దాన్ని మోసుకొచ్చే కారియర్ తరంగం అయితే రేడియోలోని డిటెక్టరు శబ్దాన్ని సరిగా విడదీయలేదు, గొంతు చిరిగినట్టు పలుకుతుంది. ఒక్క గొంతు పాడుతుంటే ఆ చీలిక కొంత భరించవచ్చు. నాలుగు స్వరాల కోయిర్ అయితే ఆ స్వరాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి, పాటలో లేని కొత్త స్వరాలు పుట్టి కంగాళీ అయిపోతుంది. రేడియోకు కోయిర్ల కంటే ఒంటి గాయకుడు, హార్మోనియం, మెత్తటి తబలా బాగా పనికొచ్చింది ఇందుకే. పాశ్చాత్య హార్మనీ మీద పెరిగిన సంఘాలకు ఇది నచ్చకపోవచ్చు గానీ, దేశీయ కీర్తనకు షార్ట్‌వేవ్ చాలా మేలు చేసింది.

వినేవాళ్ల వైపు

ఇప్పటికీ షార్ట్‌వేవ్ పట్టాలనుకునేవారికి పనికొచ్చే సంగతులు కొన్ని. ఎనిమిది నుంచి పది మీటర్ల రాగి తీగను నాలుగైదు మీటర్ల ఎత్తున, కరెంటు తీగలకు అడ్డంగా కట్టండి. వాటికి సమాంతరంగా కడితే వాటి రొద మొత్తాన్ని ఇది లాగేసుకుంటుంది. తీగ చివరను సెట్ యాంటెన్నాకు క్లిప్పుతో తగిలిస్తే చాలు. ఇంకా పొడుగు తీగ ఇంకా మంచిదనుకోకూడదు. చిన్న సెట్ ఆ బలం తట్టుకోలేక లేనిచోట స్టేషన్లు చూపిస్తుంది. మామూలు సెట్లలో లోపలి ఫ్రీక్వెన్సీ 455 కిలోహెర్ట్జ్ కాబట్టి ఆ దొంగ ప్రతిబింబం 910 కిలోహెర్ట్జ్ కింద పడుతుంది. అంటే 9,600 మీద ఉన్న స్టేషన్ 8,690 దగ్గర కూడా వినిపిస్తుంది. అలా రెండుచోట్ల వినిపిస్తే పైనున్నదే అసలు. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జరు, ఫ్యాను రెగ్యులేటరు ఒక్కొక్కటీ ఆపి చూడండి, గరగర దేనితో తగ్గితే అదే దోషి. ఉరుములు మొదలైతే ముందు తీగ తీసేయాలి.

ఫ్రీక్వెన్సీలు ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారతాయి. చలికాలపు రాత్రుల్లో అయనావరణం పలచబడుతుంది, పై ఫ్రీక్వెన్సీలు తిరిగి రాకుండా అంతరిక్షంలోకి పోతాయి. అందుకే 25 మీటర్ల బ్యాండు నుంచి తక్కువ ఫ్రీక్వెన్సీలుండే 31కో 41కో దిగుతారు. “మా స్టేషన్ ఆగిపోయింది” అనుకున్న శ్రోతల్లో ఎక్కువమందికి జరిగింది ఈ మార్పే.

మీడియం వేవ్ వ్యవహారం వేరు. పుత్తళం నుంచి విజయవాడ 950 కిలోమీటర్ల లోపే, నెల్లూరు ఇంకా దగ్గర. దారిలో చాలా భాగం సముద్రం. 882 కిలోహెర్ట్జ్ డయల్ మీద విజయవాడ కేంద్రపు 837కు కాస్త కుడివైపున ఉంటుంది. వెతుక్కోవడం తేలిక, బయటి తీగ అక్కర్లేదు. సెట్ లోపల ఉండే ఫెర్రైట్ కడ్డీయే యాంటెన్నా. స్టేషన్ ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకు కడ్డీ అడ్డంగా ఉండాలి. కోస్తా జిల్లాలకు పుత్తళం దాదాపు నేరుగా దక్షిణం. కాబట్టి సెట్ పొడవు తూర్పు పడమరలుగా పెట్టాలి. ఉత్తర దక్షిణాలుగా తిప్పితే స్టేషన్ మాయమైపోతుంది.

శ్రోతలు ఎంతమంది అన్నది లెక్కగట్టడానికి ఆ రోజుల్లో ఉన్న ఒకే సాధనం ఉత్తరం. ప్రసారం ఎలా వినిపించిందో చెప్పే మంచి రిసెప్షన్ రిపోర్టులో తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, పాట పల్లవి, ఏ నిమిషంలో ఫేడింగ్ వచ్చిందీ ఉండేవి. కేంద్రాలు అంతర్జాతీయ సమయం వాడతాయి, మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. ఈ తేడా చూసుకోకుండా రాసిన రిపోర్టులు ఇంజనీర్లకు పనికొచ్చేవి కావు.

2003లో సీషెల్స్ కేంద్రం మూతపడింది. ఆ తర్వాత ఫీబా వేరే దేశాల ట్రాన్స్‌మిటర్లలో సమయం అద్దెకు తీసుకుంది. రేడియో వెరితాస్ 2018లో షార్ట్‌వేవ్‌కు స్వస్తి చెప్పి ఇంటర్నెట్‌కు మారింది.

ఇంటర్నెట్ స్టేషన్ పెట్టాలంటే

పరికరాలు తక్కువే: పాటలు వరుసగా వేసే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరు, శబ్దాన్ని ఇంటర్నెట్‌కు తగ్గట్టు కుదించే ఎన్‌కోడరు, ఐస్‌కాస్ట్ లాంటి స్ట్రీమింగ్ సర్వరు. సర్వరును చర్చి ఆఫీసులో పెట్టకండి, డేటా సెంటర్లో అద్దెకు తీసుకోండి. ఊరి కనెక్షన్‌కు అప్‌లోడ్ ఒక్క స్ట్రీముకు సరిపోతే చాలు, శ్రోతల భారం సర్వరు మోస్తుంది. ఏఏసీ అనే ఆడియో ఫార్మాట్‌లో సెకనుకు 64 కిలోబిట్లు కీర్తనకు సరిపోతాయి. శ్రోతకు గంటకు 29 మెగాబైట్ల లోపు ఖర్చవుతుంది. అదే 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే 58 దాకా. ఒకేసారి రెండు వందల మంది వింటే 64 మీద సర్వరు నుంచి వెళ్లేది సెకనుకు దాదాపు 13 మెగాబిట్లు. సిగ్నల్ బలహీనంగా ఉన్న పల్లెల కోసం 32 మీద రెండో స్ట్రీము తప్పకుండా పెట్టండి.

తెగిపోవడానికి మొదటి కారణం కరెంటు. కంప్యూటరుకే కాదు, రౌటరుకు కూడా యూపీఎస్ ఉండాలి, చాలామంది ఇదే మర్చిపోతారు. రెండోది, స్టూడియో లింకు తెగినా శ్రోత మాత్రం తెగిపోకూడదు. సర్వరులోనే గంటసేపు పాటల ఫైలు ఒకటి ఉంచి, లింకు పోగానే అది మొదలయ్యేలా ఫాల్‌బ్యాక్ అమర్చాలి. మూడోది నిశ్శబ్దం. సాఫ్ట్‌వేర్ నడుస్తూనే ఉంటుంది, పాటే రాదు. పదిహేను సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే ఫోనుకు కబురు వచ్చేలా పెట్టుకోవచ్చు. పాటల పేర్లు యూనికోడ్‌లో లేకపోతే శ్రోత ఫోనులో ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి.

అన్నిటికంటే కష్టమైన పని పాటల వరుస కట్టడం. నాలుగు వందల పాటలు, ఒక్కోటి ఐదు నిమిషాలు అనుకుంటే మొత్తం 33 గంటలు. అంటే రోజూ వినేవాళ్లకు ప్రతి పాటా రోజున్నర లోపే మళ్లీ తగులుతుంది. పైగా అదే కీర్తనను ఐదుగురు పాడి ఉంటే వినేవారికి అది పునరావృతమే. సాఫ్ట్‌వేర్‌కు అవి ఐదు వేర్వేరు పాటలు. ప్రతి ఫైలుకూ పాటల పుస్తకంలోని కీర్తన సంఖ్యను కూడా రాసి, ఆ సంఖ్య ఆరు గంటల్లోపు మళ్లీ రాకూడదని నియమం పెడితే ఈ తలనొప్పి తీరుతుంది. రాగం కూడా రాసి పెట్టుకోండి. ఒకే రాగంలో మూడు పాటలు వరుసగా పడితే చెవి అలసిపోతుంది. శబ్దం స్థాయి విషయంలో 1970ల టేపు, నిన్నటి స్టూడియో రికార్డింగు పక్కపక్కన పడితే శ్రోత ఉలిక్కిపడతాడు. అన్నిటినీ మైనస్ 16 లఫ్స్‌కు (చెవికి వినిపించే బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం ఇది) సరిచేసుకోండి. శబ్దం నలిపే కంప్రెసర్ మాత్రం వద్దు. షార్ట్‌వేవ్‌కు అది అవసరమైంది గానీ ఇక్కడ గాయకుడి ఊపిరిని, ఎత్తుపల్లాలను చంపేస్తుంది.

హక్కుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. సాహిత్యానికి రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి 1890లో మరణించారు కాబట్టి ఆయన కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు. అయితే వాటిని నేటి గాయకుడు పాడిన రికార్డింగుకు హక్కు వేరుగా ఉంటుంది. అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. రేడియో స్టేషన్లు నిర్ణీత రుసుము కట్టి పాటలు వాడుకునేలా 2012లో కాపీరైట్ చట్టంలో 31డి సెక్షన్ చేర్చారు. ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కు అది వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది. కాబట్టి ప్రతి గాయకుడి నుంచీ, కంపెనీ నుంచీ రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. “మీ పాట వేస్తాం అన్నా” అని ఫోన్లో అడిగితే చాలదు. ఏ రికార్డింగు, స్ట్రీమింగుకా, డౌన్‌లోడుకు కూడానా, ఎన్నేళ్లు, డబ్బు ఇస్తారా లేదా అన్నవి ఆ కాగితంలో ఉండాలి.

మిగిలిన టేపులు

ఇదంతా రాయడానికి అసలు కారణం ఇదే. కార్యక్రమాలు చేసిన స్టూడియోల్లో, పాడినవాళ్ల ఇళ్లలో స్పూళ్లు, క్యాసెట్లు ఇంకా ఉన్నాయి, ఏటా కొన్ని పాడైపోతున్నాయి. దొరికిన టేపును వెంటనే మెషీన్‌కు ఎక్కించకండి. ముందు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అది ఎసిటేట్ టేపు, కుళ్లుతోంది. దాన్ని వేడి చేయకూడదు. వెలుతురుకు అడ్డంగా స్పూల్ పట్టుకుంటే ఎసిటేట్ పారదర్శకంగా కనిపిస్తుంది, పాలియెస్టర్ కనిపించదు. అంచుల మీద తెల్లటి నూగు ఉంటే బూజు. మాస్కు లేకుండా ముట్టుకోకండి, మిగతా టేపుల నుంచి విడదీసి, తేమ యాభై శాతం లోపున్న చోట ఆరబెట్టాలి.

వెనక పూత ఉన్న పాలియెస్టర్ టేపు, ముఖ్యంగా 1970ల మధ్య నుంచి వచ్చినవి, తేమ పీల్చి జిగటగా మారతాయి. వేస్తుంటే కీచుమని ఆగిపోతాయి, హెడ్డు మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. అప్పుడు వెంటనే ఆపాలి. ఇంకో నిమిషం లాగితే శబ్దమే ఊడొస్తుంది. అలాంటివాటిని ఉష్ణోగ్రత నిలకడగా ఉండే ఇంక్యుబేటర్లో 54 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు ఉంచి, అంతే సేపు చల్లార్చి, కొద్ది వారాల్లోపు కాపీ చేసుకోవాలి. వంటింటి ఒవెన్ పనికిరాదు, దాని వేడి పది పదిహేను డిగ్రీలు ఊగుతుంది.

కాపీ చేసేముందు హెడ్డు వాలును ప్రతి టేపుకూ సరిచేయాలి. మోనోలో వింటూ స్క్రూను మెల్లగా తిప్పితే స, శ అక్షరాలు ఒకచోట స్పష్టంగా విచ్చుకుంటాయి, అదే సరైన స్థానం. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలుగా తీసుకోండి. మోనోలో పావుగంటకు 260 మెగాబైట్లు పడుతుంది. గరగర తీసే పని కాపీ మీదే చేయాలి, మూలం ఫైలు ముట్టుకోకూడదు. వేగం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు ఆనవాళ్లు ఉన్నాయి. కరెంటు మీద రికార్డు చేసినదైతే సన్నటి హమ్ 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. 53 దగ్గర కనిపిస్తే టేపు ఆరు శాతం వేగంగా పోతోంది. బ్యాటరీ మీద చేసినదైతే హార్మోనియమే దిక్కు. దాని స్వరాలు ఒకసారి బిగించాక పెద్దగా మారవు, ఆ స్వరానికి వేగాన్ని సరిచేసుకోవచ్చు.

డబ్బా మీది రాతను, లోపలి చీటీని ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. తేదీ లేకపోతే క్యూ షీటులోని (కార్యక్రమం వివరాలు రాసిన కాగితంలోని) ఫ్రీక్వెన్సీలు, చిరునామాలో పిన్‌కోడ్ ఉందా అన్నవి చూడండి. మనకు పిన్‌కోడ్ 1972లో వచ్చింది, అది చదివారంటే టేపు ఆ తర్వాతిదే. ఫైలు పేరులో కార్యక్రమం, టేపు సంఖ్య, వైపు ఉండాలి. గాయకుడి పేరు విని పోల్చుకున్నదైతే పక్కన ప్రశ్నార్థకం ఉంచి, ఎవరు పోల్చారో రాయండి. మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంచాలి. కాపీ అయిపోయిందని టేపును పారేయకండి. ఆఖరు వరకు ఒకే వేగంతో నడిపి, చివర బయటికి వచ్చేలా చుట్టి, స్పూల్‌ను నిలువుగా నిలబెట్టి దాచండి. అలా చుడితే పక్క చుట్టు నుంచి అంటుకునే ప్రతిధ్వని పాటకు ముందు కాకుండా పాట వెనక పడి వినపడకుండా పోతుంది.